చెరువుకు తీసిన తరుగు

మూల్యాంకనానికి వెళ్ళేవాళ్ళ మనసులో రాగద్వేషాలు ఉండకూడదని మీకు మొదటి రోజు తరగతిలోనే చెబుతారు. నాకూ చెప్పారు. నేనూ బుద్ధిగా తలూపాను. కానీ నా ఉద్యోగ జీవితం మొత్తంలో నేను చేసిన గట్టి మూల్యాంకనం ఏదైనా ఉందంటే, అది కడుపులో అసూయ పెట్టుకుని చేసిందే. అసూయ ఉన్నా బాగా వచ్చిందని కాదు, ఉన్నందుకే బాగా వచ్చింది. ఈ సంగతి మీకు ఎవరూ చెప్పరు కాబట్టి, కొత్తగా ఈ పనిలోకి వచ్చిన మీ కోసం నేనే రాస్తున్నాను.

ముందు ఆ ప్రాజెక్టు ఏమిటో చెప్పాలి. మన ఊళ్ళలో చెరువు ఉంటుంది, గుట్ట ఉంటుంది, పశువులు మేసే బీడు ఉంటుంది. వాటికి ఎవరూ ధర కట్టరు. ధర లేదు కనుక ఏ ఇళ్ళ స్థలాల వెంచరుకో, ఏ మట్టి కాంట్రాక్టుకో అవి పోతున్నప్పుడు ఊరికి ఏం నష్టమని అడిగితే చెప్పడానికి ఎవరి దగ్గరా లెక్క ఉండదు. ఆ లెక్క కట్టడం నేర్పేదే ఈ ప్రాజెక్టు. చెరువు వల్ల ఒక్కో ఇంటికి ఏడాదిలో ఎంత నీరు, ఎంత పూడిక మట్టి, ఎంత గడ్డి, ఎన్ని చేపలు అందుతాయో ఇంటింటికీ తిరిగి అడిగి, అంతా కూడి ఒక విలువగా చెప్పాలి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నుంచి డిగ్రీలు చదివిన యువతను తీసుకుని మూడు బృందాలుగా చేసి ఈ పని నేర్పారు. అందుకోసం కోదాడలో ఒక శిక్షణ కేంద్రం పెట్టారు. ఆ బృందాలకు విలువ కట్టడం నిజంగా వచ్చిందా లేదా అని తేల్చడం నా పని. వచ్చిందని నేను రాస్తే కేంద్రం మరో విడత నడుస్తుంది, రాలేదని రాస్తే మూతపడుతుంది.

ఆ కేంద్రాన్ని నడిపేది ఆమె.

ఆమె మిర్యాలగూడ రైసు మిల్లు వాళ్ళమ్మాయి. తాతల నాటి నుంచి ధాన్యం వ్యాపారం. నాది తుంగతుర్తి వైపు పల్లె, చెరువు కింద కాస్త భూమి ఉన్న రైతు కుటుంబం. నల్గొండలో మా గణాంకాల ఆఫీసులో ఆమె నా తర్వాత కొన్నేళ్ళకు చేరింది. పని నేర్పమని పెద్దసారు నాకే అప్పజెప్పాడు. పొలంలో నాలుగు మేకులు కొట్టి, తాడు కట్టి, ఆ గడిలో పంట కోయించి తూకం వేసి దిగుబడి అంచనా కట్టడం ఆమెకు నేర్పింది నేను. అక్కా అక్కా అంటూ నా వెనకే తిరిగేది. ఏడాది తిరగకముందే పల్లెల్లో జనానికి ఆమె తెలుసు, నేను తెలియను. నేను వెళ్తే మంచినీళ్ళు ఇచ్చేవాళ్ళు, ఆమె వెళ్తే మజ్జిగ ఇచ్చేవాళ్ళు. ఇద్దరం కలిసి వెళ్తే ఆమె పుణ్యాన నాకూ మజ్జిగ దొరికేది. ఆ మజ్జిగ ఎట్లా ఉండేదో నేను చెప్పక్కర్లేదు.

తర్వాత ఈ ప్రాజెక్టు వచ్చింది. దాని అధిపతి పోస్టుకు ఇద్దరం దరఖాస్తు పెట్టుకున్నాం. ఇంటర్వ్యూలో నేను పద్ధతులన్నీ పేర్లతో సహా అప్పజెప్పాను. ఆమె మాత్రం ఏదో ఊళ్ళో ఎండిపోయిన కుంట గురించి కథ చెప్పిందట. పోస్టు ఆమెకు వచ్చింది. నేను లడ్డూల డబ్బా కొనుక్కుని అభినందించడానికి బస్సెక్కి మిర్యాలగూడ పోయాను. దారిలో డబ్బా తెరిచి ఒకటి తినేసి, మిగతావి జరిపి సర్ది, మూత పెట్టి ఆమెకిచ్చాను. చాలా చిన్న పని. ఇప్పటికీ తలుచుకుంటే నాకు హాయిగానే ఉంటుంది.

ఆ కేంద్రం మూల్యాంకనానికి ప్రాజెక్టు కమిటీ వాళ్ళు నన్ను పిలిచినప్పుడు, ఆమె నాకు బాగా తెలిసిన మనిషని రాతపూర్వకంగానే చెప్పాను. దానికేం, స్థానికంగా తెలిసినవాళ్ళే కావాలన్నారు. ఎంత బాగా తెలుసో వాళ్ళు అడగలేదు, నేనూ చెప్పలేదు.

కోదాడలో ఆ కేంద్రం ఒక ఎరువుల దుకాణం పైన, కిరాయికి తీసుకున్న అంతస్తులో ఉండేది. హైవే మీద లారీలు పోతుంటే కిటికీ అద్దాలు గలగలలాడేవి. ఆమె మెట్ల దాకా ఎదురొచ్చి నా సంచి అందుకుంది. నాకు చక్కెర లేని టీ ఇప్పించింది. ఇన్నేళ్ళకూ ఆ సంగతి గుర్తు పెట్టుకున్నందుకు నాకు సంతోషం కలగాలి. ఒళ్ళు మండింది.

"నువ్వు వస్తున్నవని తెల్వంగనే నాకు ధైర్యమొచ్చిందక్కా. వేరేటోళ్ళైతే ఫోటోలు చూసి పోతరు. నువ్వైతే పని చూస్తవ్," అంది.

నేను మూడు రోజులు ఆ కేంద్రంలో కూర్చుని పని చూశాను. తప్పు కోసం వెతికాను. శిక్షణ పొందినవాళ్ళను ఒక్కొక్కరినే పిలిచి మెలికల ప్రశ్నలు వేశాను. చెరువు నీళ్ళను వరికి ఒకసారి, పశువులకు ఒకసారి లెక్కేసి రెండుసార్లు కూడతారేమోనని చూశాను, కూడలేదు. పట్టణానికి వెళ్ళిపోయిన ఇళ్ళను లెక్కలో వేస్తారేమోనని చూశాను, వేయలేదు. చక్కగా నేర్చుకున్నారు. నా ముఖం వాడిపోతుంటే, ప్రయాణం బడలికనుకుని వాళ్ళు ఫ్యాను నా వైపు తిప్పారు.

రెండో రోజు ఒక కోదాడ అమ్మాయి వాళ్ళ మొదటి పాఠం చెప్పింది. ఎవరినైనా చెరువు గురించి అడిగేటప్పుడు ముందు కరువొచ్చిన ఏడాది సంగతి అడగాలి, ఆ తర్వాతే పంట పండిన ఏడాది. ముందు మంచి ఏడాది అడిగితే మనిషి ఆ సంతోషంలోనే అన్నిటికీ ఎక్కువ చెబుతాడు. ఇది నేను నల్గొండలో ఉన్నప్పుడు జీపులో కూర్చుని ఆమెకు చెప్పిన కిటుకు. ఎవరు నేర్పారమ్మా అని అడిగాను.

"మా మేడం సొంతంగా కనిపెట్టిన పద్ధతండి," అంది ఆ అమ్మాయి, కళ్ళు మెరుస్తుండగా.

ఆమె అట్లా చెప్పుకుని ఉండదు. నాకు తెలుసు. పిల్లలే అనుకుని ఉంటారు, మంచివన్నీ ఆమెవేనని. అదే నాకు ఇంకా మంట పుట్టించింది. చెప్పుకుని ఉంటే కనీసం తిట్టుకోవడానికైనా వీలుండేది.

అప్పటిదాకా వాళ్ళు పని చేసిన ఊళ్ళ పట్టీ తెప్పించుకుని చూశాను. నిడమనూరు వైపు ఊళ్ళు, అనంతగిరి వైపు ఊళ్ళు. అన్నీ కాలువ నీళ్ళు పారేవే, వరి పండేవే. ఆమె పుట్టి పెరిగిన రకం ఊళ్ళు. ఆటను ఆమె పెరట్లోంచి నా పెరట్లోకి మార్చాలనిపించింది. పరీక్ష కోసం తుంగతుర్తి వైపు ఒక మెట్ట ఊరిని ఎంచాను. అది మా ఊరు కాదు గానీ, మా ఊరి వాళ్ళు పిల్లనిచ్చి పుచ్చుకునే ఊరే. మూడు బృందాల్లోకీ ఆమె ఎక్కువగా మెచ్చుకునే మిర్యాలగూడ బృందాన్నే అక్కడికి రమ్మన్నాను. ఇప్పుడు మీ తరగతుల్లో దీన్నే, అలవాటైన చోట్లకు బయట నమూనా తీసుకోవడం అని గౌరవంగా పిలుస్తారు. నేను చేసింది ఓర్వలేక.

ఆ బృందం నాయకుడు ముప్పై దాటిన మనిషి. ఈ పనిలోకి రాకముందు ఒక మిల్లులో వడ్లు తూచే కాటా దగ్గర గుమాస్తాగా చేశాడు. మాట నెమ్మది, చేతిరాత ముత్యాలు. అతని వెంట నేనూ ఇల్లిల్లూ తిరిగాను. ఒక ఇంట్లో నడివయసు ఆమె బర్రెకు కుడితి పెడుతూనే జవాబులు చెప్పింది. అతను పద్ధతి ప్రకారం ముందు కరువు ఏడాది సంగతే అడిగాడు.

"నీళ్ళు లేకుంటేంది సారూ, మట్టి ఉంటది గదా," అందామె. "ఎండిన చెరువుల కెల్లి పది ట్రాక్టర్ల మట్టి తోలిచ్చుకున్న. ఆ మట్టి ఏస్తే రెండేండ్లు ఎరువు దుకాణం దిక్కు పోను."

అతను పది అనే రాసుకున్నాడు. అంతా సవ్యంగానే ఉంది. ఆ సాయంత్రం సూర్యాపేటలో మా ఇంటికి చేరి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. మా ఆయన ఏమైందని అడిగాడు. అంతా బాగుందని చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు.

కేంద్రంలో ఆమె పెట్టిన నియమాల్లో ఒకటి, ఇంటింటా రాసుకున్న లెక్కను ఖరారు చేసేముందు ఊరందరి ముందూ చదివి వినిపించాలన్నది. అది మంచి నియమం. నాకు తోచనందుకు బాధపడ్డాను కూడా. వారం తిరిగాక బడి వరండాలో చాపలు పరిచి ఊరివాళ్ళను కూర్చోబెట్టారు. ఆమె కోదాడ నుంచి వచ్చి వెనక వరస కుర్చీల్లో నా పక్కన కూర్చుంది. ముందు నిలబడి ఆ కాటా గుమాస్తా చదవడం మొదలుపెట్టాడు. రెండు మూడు ఇళ్ళు అయ్యాక బర్రెల ఆమె వంతు వచ్చింది. ఆమెకు చెరువు మట్టి తొమ్మిది ట్రాక్టర్లని చదివాడు.

బర్రెల ఆమె కూర్చున్న చోటే చెయ్యెత్తింది. "నేను పది చెప్పిన. తొమ్మిదెట్లయింది?"

"తరుగు పోను, అమ్మా," అన్నాడతను. టైం ఎంతైందంటే చెప్పినంత మామూలుగా అన్నాడు.

తరుగంటే ఏమిటో పట్నంలో పెరిగిన మీలో కొందరికి తెలియకపోవచ్చు. రైతు వడ్లు తెస్తే, తేమ ఉందనీ, తాలు గింజలు ఉన్నాయనీ చెప్పి మిల్లు దగ్గర బస్తాకు ఇంతని తూకంలోంచి కోసేస్తారు. ఆ కోతే తరుగు. పండించినవాడి చెవికి అది ఎట్లా వినపడుతుందో చెప్పాలంటే, మా నాన్న వడ్లు అమ్మి ఇంటికొచ్చిన రోజు మేం పిల్లలం ఎవరం ఆయన దగ్గరకు పోయేవాళ్ళం కాదు.

ఆ బర్రెల ఆమె వదల్లేదు. "మట్టికి తరుగేంది? మట్టిల తాలుంటదా?"

జనం నవ్వారు. నా బర్రెకు గూడ తరుగు తీసినవా అని ఇంకొకామె అడిగింది. తీశాడు. అందరివీ తీశాడు. గడ్డికి తీశాడు, చేపలకు తీశాడు, నీళ్ళు పారిన దినాలకు కూడా తీశాడు. పదికి ఒకటి చొప్పున, ఎవరికీ పక్షపాతం లేకుండా. ఒక్కొక్కరే తమ లెక్క అడుగుతుంటే నవ్వు తగ్గిపోయి గొంతులు మారాయి. ఒక పెద్దాయన తువ్వాలు దులుపుకుని లేచాడు.

"మిల్లు కాడ ఎట్లాగు తీస్తనే ఉన్నరు. ఇంటికొచ్చి గూడ తీస్తరా?" అన్నాడు. ఆయన వెంట మరికొందరు లేచారు.

ఇన్నాళ్ళూ వెతికింది దొరికింది. అది చిన్న తప్పేమీ కాదు, మొత్తం లెక్కను కింద నుంచి పైదాకా తిన్న తప్పు. చెరువుకూ విలువ ఉందని చెప్పడానికి పుట్టిన ప్రాజెక్టు, చెరువు విలువలోంచే తరుగు తీస్తోంది. నేను ఆమె ముఖం చూద్దామని పక్కకు తిరిగాను. ఆమె అయోమయంగా నన్నే చూస్తోంది.

"ఏమైందక్కా?" అంది మెల్లగా. "ఎందుకు లేస్తున్నరు? ఏ లెక్కైనా తరుగు తీసే గదా చెప్తరు."

నేనేమీ అనాల్సిన అవసరం లేకపోయింది. ఆ మాట నోట్లోంచి వచ్చాక దాన్ని తనే విన్నది. ముఖంలో రంగు మారడం చూశాను. చూడాలని ఎన్నో ఏళ్ళుగా అనుకున్నది కాబట్టి కళ్ళార్పకుండా చూశాను. నాకు జాలి వేసి ఉంటుందని మీరనుకోవచ్చు. వేయలేదు. ఆ క్షణం నాకు పండగలాగే ఉంది.

ఆ పండగ ఎక్కువసేపు నిలవలేదు. ఆమె లేచి ముందుకు నడిచింది. గుమాస్తాను కూర్చోమని సైగ చేసి, గేటు దాకా పోయిన పెద్దాయనను చేతులు జోడించి ఆపింది. తప్పు ఆ మనిషిది కాదు, నేర్పిన నాది అని చెప్పింది. తనది మిల్లు ఇల్లని కూడా దాచకుండా చెప్పేసింది. మీరు చెప్పింది చెప్పినట్టు మళ్ళీ మొదటి నుంచి చదువుతాం, వినిపోండని అడిగి, బర్రెల ఆమె పక్కనే చాప మీద కూర్చుంది. కాసేపటికి ఊరంతా ఆమె చుట్టూ మూగింది. ఆ ఊరిని ఎంచింది నేను, తప్పు బయటపడేట్టు చేసింది నేను. వరండా వెనక వరసలో కుర్చీలో ఒక్కదాన్నే మిగిలింది కూడా నేనే. ఎవరో నాకూ ఒక గ్లాసు మజ్జిగ తెచ్చిచ్చారు.

తిరుగు ప్రయాణంలో ఆ గుమాస్తాను నా పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. అతనికి ఇప్పటికీ పూర్తిగా మింగుడు పడలేదు.

"మా దిక్కు మనిషి పది అన్నడంటే తొమ్మిదే ఉంటది మేడం. తరుగు పోతదని ఎరుకే గాబట్టి ముందుగాలనే ఒకటి కలిపి చెప్తడు. లెక్క కూడేటప్పుడు నేను ఆ ఒకటి తీసేస్త. గంతే," అన్నాడు.

అతను చెప్పింది విన్నాక నాకు అనుమానం మొదలైంది. కాలువ కింద ఊళ్ళలో పండింది పండినట్టు మిల్లుకు పోతుంది. ఏ లెక్క చెప్పినా అవతలివాడు కోస్తాడని అక్కడి మనిషికి ఊహ తెలిసినప్పటి నుంచీ తెలుసు. కనుక కలిపి చెబుతాడు, వీళ్ళు తీసేస్తారు, చివరికి ఉన్నదే మిగులుతుంది. ఎవరూ అభ్యంతరం చెప్పకపోవడానికి కారణం అదే. మా మెట్ట వైపు ఇంటి తిండికి పోగా మిగిలిన నాలుగు బస్తాలే అమ్మేది. తరుగు పోతే ఏడవడం తెలుసు గానీ, ముందే కలిపి చెప్పే తెలివి మాకు అబ్బలేదు. పది అంటే పదే.

నేను ఒక్కదాన్నే నిడమనూరు వైపు వెళ్ళాను. వీళ్ళు లెక్క కట్టిన ఊళ్ళో మట్టి తోలిన ట్రాక్టరు వాళ్ళను పట్టుకుని ఎవరింటికి ఎన్ని ట్రిప్పులు వేశారో అడిగాను. పది చెప్పిన ఇంటికి తొమ్మిదే పోయాయి. ఇంకో ఇల్లు చూశాను, అదీ అంతే. అక్కడి లెక్కలన్నీ సరిగ్గా ఉన్నాయి. అక్కడ కూడా తప్పై ఉంటే నా నివేదిక ఒక్క వాక్యంలో ముగిసేది, కోదాడ కేంద్రానికి తాళం పడేది. ఆ ఎండలో ట్రాక్టరు నీడన నిలబడి, లెక్క సరిపోయినందుకు నీరసపడ్డ మూల్యాంకన అధికారి నా కంటే ముందు ఎవరైనా ఉన్నారేమో నాకు తెలియదు.

నివేదిక రాయడానికి కూర్చున్న రోజు ఆమె మా ఇంటికొచ్చింది. బతిమాలుతుందని ఎదురుచూశాను. బతిమాలితే ఏం చెప్పాలో కూడా అనుకుని పెట్టుకున్నాను. విధి నిర్వహణ అనీ, మనసు రాయి చేసుకోవాలనీ. ఆమె వంటింట్లోకి వచ్చి నేను తరుగుతున్న బెండకాయలు అందుకుని తరుగుతూ కూర్చుంది.

"రాయక్కా. ఉన్నది ఉన్నట్టు రాయి. మా తాత కాలం నుంచి మా ఇంట్ల అన్నంల కలిసిపోయిన మాట అది. నాకు కనవడలేదు. నీకు కనవడ్డది," అంది. బెండకాయలన్నీ ఒకే సైజులో తరిగి పెట్టి వెళ్ళిపోయింది.

మూత వేయాలని రాయాలన్న కోరిక నా చేతివేళ్ళ దాకా వచ్చింది. నన్ను ఆపింది మంచితనం కాదు. నాకు ఉన్నది ఒక్కటే విద్య, లెక్క. మజ్జిగ ఇప్పించుకోవడం రాదు, కథ చెప్పడం రాదు. ఒక ఊళ్ళో తప్పైనదాన్ని అన్ని ఊళ్ళలో తప్పైందని రాస్తే, నాకున్న ఆ ఒక్కటీ పోతుంది. అప్పుడు ఆమెకు అన్నీ ఉండి, నాకు ఏదీ లేకుండా పోతుంది. అందుకని ఉన్నంతే రాశాను. పిల్లలకు పని వచ్చింది. కాలువ ఊళ్ళలో లెక్కలు నిలుస్తాయి. మెట్ట ఊళ్ళలో ఈ తరుగు అలవాటు మానకపోతే ప్రతి చెరువూ ఉన్నదానికన్నా తక్కువకు పోతుంది. ఏ ఊరికి వెళ్ళినా ముందు కొన్ని ఇళ్ళలో, చెప్పిన లెక్కనూ నిజంగా అందినదాన్నీ పోల్చి చూసుకోవాలి. అట్లా చేస్తే కేంద్రాన్ని కొనసాగించవచ్చు. చివరి వాక్యం రాసేటప్పుడు నేను పళ్ళు నూరిన శబ్దం పక్క గదిలో మా ఆయనకు వినిపించిందట.

సూర్యాపేటలో ప్రాజెక్టు కమిటీ కూర్చుంది. నేను నా నివేదికను పద్ధతిగా చదివాను. ఇద్దరు ఫోన్లు చూసుకున్నారు, అధ్యక్షుడు రెండుసార్లు గడియారం చూశాడు. తర్వాత ఆమెను మాట్లాడమన్నారు. ఆమె సమర్థించుకోలేదు. బడి వరండా సంగతి చెప్పింది. మట్టిల తాలుంటదా అన్న మాటను ఆ బర్రెల ఆమె గొంతుతోనే అన్నది. హాలు మొత్తం నవ్వింది. ఆ నవ్వు ఆగేదాకా ఆగి, తను నన్ను అడిగిన ప్రశ్న కూడా చెప్పింది.

"తరుగన్న మాట వినుకుంటనే పెరిగిన సార్ నేను. అది తప్పా ఒప్పా అని గాదు, అది ఉన్నదనే నాకు కనవడలే. మా అక్క చూపియ్యకుంటే ఎప్పటికీ కనవడకపోతుండె," అంది.

అధ్యక్షుడు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇంత నిజాయితీగా తన తప్పు చెప్పుకున్న అధికారిని నా సర్వీసులో చూడలేదన్నాడు. కేంద్రాన్ని పొడిగించారు, మరో జిల్లా పని కూడా ఆమెకే అప్పగించారు. అక్కడికక్కడ శాలువా తెప్పించి కప్పారు. నా నివేదిక గురించి కూడా అన్నారు, ఉపయోగకరంగా ఉందని.

చూడండి, తప్పు ఆమెది, పట్టుకున్నది నేను, శాలువా ఆమెకు. మీ ఉద్యోగాల్లోనూ ఇట్లాంటివి జరుగుతాయి. పెద్ద మనసు చేసుకోవాలని పెద్దలు చెబుతారు. చేసుకోగలిగితే చేసుకోండి. నాకు చేతకాలేదు. ఇప్పుడు కోదాడలో తరుగు కథే మొదటి పాఠం. ఒకసారి నన్ను అతిథిగా పిలిస్తే వెళ్ళి విన్నాను. నా పాత్ర పేరు 'ఒక అక్క'. నేను దగ్గరుండి చూసిన సంగతినే ఆమె చెబుతుంటే, తర్వాత ఏమవుతుందోనని నేనే ముందుకు వంగి కూర్చున్నాను. చివర్లో అందరికన్నా ముందు చప్పట్లు కొట్టినవి నా చేతులే. ఇంటికొచ్చేదాకా వాటి మీద కోపం పోలేదు.

నేను రిటైరై సూర్యాపేటలోనే ఉంటున్నాను. మొన్నీమధ్య ఒక ఫోను వచ్చింది. ఆ బర్రెల ఆమె. సర్వే నాడు నా నంబరు తీసుకున్నదట. వాళ్ళ చెరువు మట్టిని ఎవరో కాంట్రాక్టరుకు ఇచ్చేస్తారట, అధికారులు ఊళ్ళోకి వచ్చి మీటింగు పెడతారట. మట్టి పోతే ఊరికి ఏం పోతుందో అక్కడ నిలబడి చెప్పేవాళ్ళు కావాలి. నాకు ప్రాణం లేచి వచ్చింది. మీ ఊరి లెక్కంతా నా దగ్గర ఉన్నది, నేనే వస్తా, నేనే మాట్లాడతా అన్నాను.

"మీరు తప్పు చెప్పరు మేడం, అది ఊరందరికి ఎరుకే," అందామె, నన్ను నొప్పించకుండా. "గానీ ఆ మిల్లోళ్ళ మేడం మాట్లాడితే ఆఫీసర్లు కుర్చీలకెల్లి లేవరు. ఆమె నంబరు జర చెప్పుండ్రి. మీరు గూడ రాండ్రి. పక్కకు కూసోని ఆమెకు లెక్క అందియ్యుండ్రి."

ఆమె నంబరు నాకు చూడకుండానే వచ్చు. ఒక్కో అంకే చెబుతూ పోయాను. చివరిదాని దగ్గర నాలుక ఆగింది. ఏడుకు బదులు ఇంకేదన్నా చాలు. ఫోను ఎవరికో పోతుంది, ఊరివాళ్ళు ఒకటికి రెండుసార్లు చేసి ఊరుకుంటారు, మీటింగు నాటికి మిగిలేది నేనే. ఏడనే చెప్పాను. బర్రెల ఆమె గోడ మీద బొగ్గుతో రాస్తున్నానని చెబుతూ రాసుకుని, సరిగ్గా ఉన్నదా అని తిరిగి చదివింది. నడుమ ఒక అంకె ఎగిరిపోయింది. ఈసారి నేను అబద్ధం చెప్పాల్సిన పని కూడా లేదు, ఊఁ అంటే చాలు.

"ఆగు. ఒకటి తక్కువైంది," అని, మొదటి నుంచి మళ్ళీ చెప్పాను.